గోలెంలో చేపపిల్లలు

నా చిన్నప్పుడు మా ఇంటి గోలెంలో చేపపిల్లలను పెంచాను. గోలెం అంటే వాకిట్లో ఉండే పెద్ద నీళ్ళ తొట్టి. సన్నగా, నల్లగా, తోకలాడిస్తూ తిరిగే వాటిని నేను చేపలనే నమ్మాను. తినడానికి మెతుకులు కూడా వేసేదాన్ని. నర్మెట్ట దాపున మా ఊళ్ళో నీళ్ళకు ఎప్పుడూ కటకటే. దూరపు బాయి నుంచి మోసుకొచ్చిన నీళ్ళను మా అవ్వ చుక్క పారబోయనిచ్చేది కాదు.

ఒకరోజు ఇళ్ళకు దోమల మందు కొట్టే పెద్దాయన వచ్చి, గోలెంలోకి తొంగిచూసి, ఆ నీళ్ళు పారబోయమన్నాడు. అవ్వ చీపురు పట్టుకుని లేచింది.

"నువ్వు మోసుకొచ్చినవా నీళ్ళు? ఏంది నీ పెత్తనం?"

ఆయన నవ్వాడు. నా చేపలను నాలుగింటిని నీళ్ళతో సహా గాజుసీసాలోకి తీసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, "గివి ఏమైతయో చూస్తుండు బిడ్డా" అని నా చేతికిచ్చి వెళ్ళాడు. నాలుగు రోజులకు సీసాలో చేపల్లేవు. గుడ్డ కింద దోమలు ఎగురుతున్నాయి. నేను ఏడ్చిన ఏడుపు ఇంతా అంతా కాదు.

వారానికి ఆయన మళ్ళీ వచ్చాడు. సీసా చూసిన అవ్వ ఈసారి చీపురు అందుకోలేదు. ఆయనే గోలెం ఖాళీ చేసి, లోపలంతా పీచుతో రుద్ది కడిగాడు. ఆ తర్వాత మా బిందె భుజానికెత్తుకుని బాయికి పోయి, పారబోసినన్ని నీళ్ళూ తెచ్చి పోశాడు. అంత పెద్దమనిషి చెమటలు కక్కుతూ మోస్తుంటే అవ్వకు సిగ్గేసింది. అప్పటి నుంచి మా ఇంట్లో ప్రతి శుక్రవారం గోలెం తోమి ఎండబెట్టాల్సిందే. అవ్వ పోయాక నేనూ ఆ పట్టు విడవలేదు, నిరుటిదాకా.

నిరుడు మా ఇంట్లోనే ఉండే నా కొడుకు కూతురికి, నా మనవరాలికి, డెంగీ వచ్చి తగ్గింది. తట్టులాగా ఒకసారి వస్తే ఇక రాదనుకున్నాను. నా మొద్దుబుర్ర! దానికి తోడు మోకాళ్ళ నొప్పులు. గోలెం సంగతి వదిలేశాను. ఈ వానల్లో రేగొండలో ఇచ్చిన మా బిడ్డ అక్కణ్ణుంచి జ్వరంతోనే వచ్చి, వారం ఉండి, తేరుకుని వెళ్ళింది. పది రోజులకు మనవరాలు మంచం పట్టింది. చేతులు చల్లబడ్డాయి, చిగుళ్ళ వెంట నెత్తురు. జనగామ దవాఖానలో నా ప్రాణం నా దగ్గర లేదు.

"డెంగీల నాలుగు రకాలున్నయ్ అవ్వా," అంది డాక్టరమ్మ. "నిరుడు మీ ఊళ్ళె తిరిగింది ఒకటి, గిప్పుడు రేగొండ దిక్కు నుంచి వచ్చింది ఇంకోటి అయ్యుంటది. ఒకటి వచ్చి పోయినా రెండోది ఆగదు. రెండోసారే ఎక్కువ పరేషాన్ చేస్తది."

ఒకరి ఒంట్లోని జ్వరాన్ని ఇంకొకరికి అందించేది దోమేనట. ఆ దోమలు ఎక్కడివని ఆమె అడగలేదు. నాకు తెలుసు.

ఐదో రోజు పిల్ల కళ్ళు తెరిచి అన్నం అడిగింది. ఇంటికి రాగానే గోలెంలోకి తొంగిచూశాను. అవే, తోకలాడిస్తూ. ఇప్పుడు వాకిట్లోనే నీళ్ళ నల్లా ఉంది. అవ్వకున్న సాకు కూడా నాకు లేదు. తోముతున్నంతసేపూ ఆ పెద్దాయన భుజం మీది బిందే కళ్ళముందు మెదిలింది. చేపపిల్లలు పోయాయని ఆనాడు ఏడ్చాను. మొన్న, వాటిని మళ్ళీ నేనే పెంచానని ఏడ్చాను.