కోటయ్య గారి కత్తిపీట

పక్కింటి పెరట్లో ఆవకాయకి కాయలు కొడుతున్నారు. టెంకతో సహా కాయ రెండుగా విడిపోయే చప్పుడు, వెంటనే గాలిలో సొన వాసన. ఎండకీ, మొన్నటిదాకా మోగిన ఎన్నికల మైకులకీ విసిగి వరండాలో కూలబడ్డ నాకు రామలింగం మాస్టారు గుర్తొచ్చారు.

స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలో రెడ్డిగూడెం బడికి ఆయన హెడ్మాస్టరు, నేను అప్పుడే చేరిన పంతుల్ని. పంచాయతీ ప్రెసిడెంటు పదవికి ఒకవైపు మాస్టారి బావమరిది, రెండోవైపు మాస్టారి పక్కింటి మామిడితోట రైతు కోటయ్య గారు నిలబడ్డారు. మాస్టారూ కోటయ్య గారూ చిన్నప్పటి నుంచి ఒకే కంచం, ఒకే మంచం. ఎన్నికల పుణ్యమా అని పలకరింపులు కూడా పోయాయి.

ఆ రోజుల్లోనే మాస్టారు పై తరగతికి అమెరికా చరిత్ర చెప్పారు. "మొదటి ప్రెసిడెంటు దగ్గర ఇద్దరు మంత్రులు. ఒకాయనకి కేంద్రం బలంగా ఉండాలి, ఇంకొకాయనకి రాష్ట్రాల చేతిలో అధికారం ఉండాలి. ఆ తగువే రెండు పార్టీలైంది. పార్టీలు మనల్ని చీలుస్తాయని చెప్పి, పెద్దాయన అలిసిపోయి ఇంటికెళ్ళిపోయాడు. ఎవరు విన్నారు? పాత స్నేహితులు ఎదురుపడితే పలకరించాల్సొస్తుందని వీధి దాటిపోయేవాళ్ళు."

"మరి దేశం ముక్కలు కాలేదాండీ?" అన్నాడొక కుర్రాడు. మన దేశం విడిపోయిన గాయం అప్పటికింకా పచ్చిగానే ఉంది.

"కాలేదు. దూరదూరపు రాష్ట్రాల వాళ్ళని ఒక జట్టుగా కట్టిందీ ఆ పార్టీలే కదరా. పెద్దాయన తర్వాత వచ్చిన ప్రెసిడెంటు, ఎన్నికల్లో ఓడాక గొడవ లేకుండా కుర్చీ దిగాడు. కానీ గెలిచినవాడి ముఖం చూడకుండా తెల్లారకముందే బండెక్కేశాడు. వాళ్ళూ స్నేహితులే. మళ్ళీ ఉత్తరం ముక్క రాసుకోడానికి ఏళ్ళు పట్టింది." మాస్టారు ఆ రోజు పాఠం అక్కడితో ఆపేశారు.

కోటయ్య గారు ఓడిపోయారు. గెలిచినవాళ్ళు ఆయన గుమ్మం ముందే డప్పులు కొట్టించారు. తర్వాత బావమరిది మిఠాయి పంపి రాజీ పడదామంటే మాస్టారు వద్దన్నారు. "ఓడినవాడికి పెడితే జాలి అవుతుందయ్యా. వాణ్ణి ఏదైనా అడగాలి," అని నన్ను వెంటబెట్టుకుని వెళ్ళారు. ఏటా మాస్టారింటి ఆవకాయకి కోటయ్య గారే తన కత్తిపీట తెచ్చి, కూర్చుని కాయలు కొట్టేవారు.

"కోటయ్యా, కాయలు కోయించాను. రావాలి," అన్నారు మాస్టారు.

"మీ పార్టీ వాళ్ళిళ్ళల్లో కత్తిపీటలు లేవాండీ?"

"ఉన్నాయి. మా ఇంటి కాయకి ఏనాడైనా ఇంకొకరి కత్తి తగిలిందా?"

కోటయ్య గారు లోపలికెళ్ళి, కత్తిపీట తెచ్చి అరుగు మీద పెట్టి, తలుపేసుకున్నారు. కత్తి వచ్చింది, మనిషి రాలేదు. అలవాటు లేని పని, మాస్టారికి వేలు తెగింది. గుడ్డ చుట్టుకుంటూ, "వచ్చే ఏడాదీ అడుగుదాం," అన్నారు.

పోయేదాకా ఏటా అడిగారు. ఏటా కత్తే వచ్చింది. మాస్టారి సంవత్సరీకం వెళ్ళాక వచ్చిన వేసవిలో, ఎవరూ అడక్కుండానే కోటయ్య గారు కత్తిపీటతో వచ్చి మాస్టారింటి పెరట్లో కూర్చున్నారు. కాయలన్నీ కొట్టి, కత్తిపీట తుడుచుకుని వెళ్ళిపోయారు. అది తలుచుకుంటే నాకు ఇప్పటికీ దుఃఖం వస్తుంది.

మా పక్కింటాయన మొన్న వార్డు మెంబరుగా నిలబడి ఓడిపోయారు. నేను ఆయనకి ఓటెయ్యలేదని ఆయనకి తెలుసు. మాటల్లేవు. మా వంటింట్లో మంచి కత్తిపీటే ఉంది. అయినా లేచి, చెప్పులేసుకుని, వాళ్ళ గుమ్మం ముందు నిలబడ్డాను.

"కత్తిపీట ఒకసారి ఇస్తారాండీ?"