బొట్టు పెట్టిన కంప్యూటర్లు

"అక్కా" అంటూ నవ్వుకుంటూ ఇంట్లోకొచ్చే మనుషులను చూస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. కారణం ఒక్కడే.

మా గాజులరామారం బస్తీలో కమ్యూనిటీ హాలుకు కంప్యూటర్లు వచ్చినప్పుడు నేను ఇంటర్ చదువుతున్నాను. తెచ్చినాయన భూములున్న ఇంటివాడు. ప్లాట్లు అమ్మేవాడు, రాజకీయాల్లోనూ తిరిగేవాడు. మా అందరికీ సార్. పేదిళ్ల తల్లులూ పిల్లలూ నేర్చుకోవాలని ఎవరో దూరంవాళ్లు దానమిచ్చారట. పొద్దున పిల్లలకు, సాయంత్రం తల్లులకు క్లాసులు.

మా అమ్మ జాకెట్లు కుట్టేది. బడి మొహం చూసింది కాదు. పలక మీద రాయమంటే చెయ్యి తిరిగేది కాదు గానీ, బటన్ నొక్కి అక్షరం తెప్పించడం మాత్రం ఇట్టే పట్టేసింది. తెర మీద తన పేరు పడ్డ రోజు ఉరుక్కుంటూ ఇంటికొచ్చింది. "నేను గూడ రాసిన బిడ్డా!" అంటూ ఎంత మురిసిందో! ఆ మురిపెంలోనే, కుట్టగా మిగిలిన ఎర్రపూల గుడ్డతో కంప్యూటర్లన్నిటికీ కుచ్చులు పెట్టి ముసుగులు కుట్టింది.

సార్ బస్తీకొచ్చినప్పుడల్లా మా ఇంటికొచ్చేవాడు. "ఆకలైతాంది అక్కా, ఏమన్న ఉన్నదా?" అనేవాడు. నాయిన తినకముందే ఆయనకు వేడి వేడి జొన్నరొట్టె పడేది.

ఆ ఏడు దసరాకు కెమెరా మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. "అక్కా, కంప్యూటర్లకు గూడ పూజ జెయ్యరాదూ? దానమిచ్చినోళ్లకు ఫోటో పంపాలె, మస్తుగుంటది" అన్నాడు. మాకేమీ వింతగా అనిపించలేదు. జీడిమెట్లలో నాయిన పనిచేసే కంపెనీలోనూ మిషన్లకు బొట్లు పెడతారు, అమ్మ కుట్టుమిషన్‌కూ పెడతాం. అమ్మ తలస్నానం చేసొచ్చి, ఒక్కోదాని నుదుట పసుపు రాసి కుంకుమ దిద్దింది. ఫోటోలు తీసుకున్నారు. సార్ మా ఇంట్లోనే కడుపునిండా తిని వెళ్లాడు.

పండుగ దాటాక వెళ్తే హాలు ఖాళీ. సార్ వచ్చినప్పుడు కంప్యూటర్లేవని బస్తీ అంతా అడిగింది. "ఏం జెప్పాలె? పసుపు కుంకుమ లోపటికి పోయి అన్నీ ఖరాబైనయ్. తెల్వనోళ్ల చేతుల పెడితే గిట్లనే అయితది" అన్నాడు. పెట్టమన్నది నువ్వే కదా అని అమ్మ అడగబోయేలోగానే బండెక్కి వెళ్లిపోయాడు.

ఇక చూడాలి బస్తీ నోళ్లు! నల్లా దగ్గర బిందె పెడితే చాలు, "గీమెనే, పోరగాండ్ల కంప్యూటర్లు ఖరాబ్ జేసింది" అనేవాళ్లు. ఎవరో కాదు, అమ్మ పక్కన కూర్చుని నేర్చుకున్నవాళ్లే! అమ్మ ఎదురు మాట్లాడలేదు. ఎందుకంటే ఆమె కూడా నమ్మేసింది. ఆ తర్వాత దసరాకు కుట్టుమిషన్‌కు బొట్టు పెట్టలేదు. ఇంట్లోకి ఫోన్ వచ్చినా ముట్టుకోలేదు. "నా చెయ్యి మంచిది గాదు, నువ్వే ఒత్తు" అనేది. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ఏడుపొచ్చేది.

డిగ్రీ అయ్యాక, పేట్ బషీరాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో టీచరు పని ఉందంటే వెళ్లాను. గోడ మీద, ఏదో సభలో దండ వేయించుకుని నవ్వుతున్న సార్ ఫోటో చూశాకే అది వాళ్ల బడి అని తెలిసింది. ఆయా నన్ను కంప్యూటర్ గదిలో కూర్చోమంది. పిల్లలు కొందరు టకటకా కొడుతున్నారు. ఎవరూ లేని కంప్యూటర్ల మీద ఎర్రపూల ముసుగులున్నాయి, కుచ్చులతో సహా. అమ్మ కుట్టినవే. ఒక ముసుగు ఎత్తాను. తెర పైన పసుపు మరక, తుడిచినా పోనిది. బటన్ నొక్కాను. వెలిగింది. థూ, వీడూ ఒక మనిషేనా! ఉద్యోగమూ వద్దు, ఏమీ వద్దని బస్సెక్కాను.

నేను వెళ్లేసరికి అమ్మ కుట్టుమిషన్ తొక్కుతోంది. చూసిందంతా చెప్పాను. ఆమె కాలు ఆగింది.

"నడుస్తున్నయా?"

"మంచిగ నడుస్తున్నయమ్మా. నీ చేతుల ఏం ఖరాబ్ గాలే. ఆయనే తీస్కపోయి పెట్టుకున్నడు."

అమ్మ సంతోషిస్తుందనుకున్నాను, లేదంటే వాణ్ని తిట్టిపోస్తుందనుకున్నాను. సూది కింది గుడ్డను బయటికి లాగి మడతపెట్టింది. ఆ తర్వాత మెల్లగా అంది:

"గా పండుగ నాడు గూడ మనింట్లనే తిన్నడు గదనే."