కాలవ అవతల పసుపు గొడుగు

దెయ్యాల కబుర్లంటే నాకు మహా చిరాకు. స్టాఫ్ రూములో ఎవరైనా మొదలెడితే లేచి వెళ్ళిపోయేవాణ్ణి. ఇరవై ఏళ్ళుగా ఇంగ్లీషు మాస్టర్ని, ఇప్పుడిది రాస్తున్నందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

మాది కాట్రేనికోన దారిలో కాలవగట్టు మీద ఇల్లు. నేను వంతెన దాటి ఎక్కే బస్సు, అవతలి గట్టు మీదుగా మళ్ళీ మా ఇంటి ఎదురుగానే వెళ్తుంది. ఆ సమయానికి నా భార్య వరలక్ష్మి రోజూ మా రేవులో నిలబడి చెయ్యి ఊపేది. సాయంత్రం నేను చెప్పులు విడవకముందే "చూసేరా?" అని అడిగేది. "చూసేనే" అనేవాణ్ణి.

పాఠంలో 'గ్లింప్స్' అనే మాట వస్తే పిల్లలకి ఇదే చెప్పేవాణ్ణి. కదిలే బస్సులోంచి మనిషి ఒక్క క్షణం కంటబడటం. ఏదైనా సంగతి లీలగా తెలియడం అని ఇంకో అర్థం ఉంది. దానికి నా దగ్గర ఉదాహరణ ఉండేది కాదు.

నిరుడు శ్రావణంలో ఒక పొద్దున్న జోరువాన. ఇంట్లో ఉన్న ఒక్క గొడుగూ నేనే తీసుకెళ్ళాను. ఈ వానలో ఏం వస్తుందిలే అని బస్సులో ఫోన్ చూసుకుంటూ కూర్చున్నాను, కిటికీ వైపు తిరగనే లేదు. మధ్యాహ్నం స్కూలుకి కబురొచ్చింది. గుండెపోటు. నేను వెళ్ళేసరికే అయిపోయింది. ఆ సాయంత్రం నన్నెవరూ ఏమీ అడగలేదు.

మొన్న మాఘంలో, ఎండ కాస్తున్న పొద్దున్న, బస్సులోంచి అలవాటుగా తల తిప్పాను. రేవులో వరలక్ష్మి. అంచున తెల్లపువ్వులున్న పసుపు గొడుగు పట్టుకుంది. చీర కుచ్చిళ్ళు తడిసి కాళ్ళకి అంటుకున్నాయి. చెయ్యి ఊపింది. ఒక కొబ్బరిచెట్టు అడ్డొచ్చి తొలిగేసరికి రేవు ఖాళీ.

తర్వాతి స్టాపులో దిగి వెనక్కి పరిగెత్తాను. రేవు మెట్లు పొడిగా ఉన్నాయి. మా ఇంట్లో అలాంటి గొడుగే లేదు.

పక్కింటి మంగమ్మ పిన్నిగారికి ఆ గొడుగు గుర్తులు చెప్పి ఎవరిదని అడిగాను. 

"అది మా కోడలి గొడుగండీ మాస్టారూ. మీకెలా తెలుసండీ? ఆవేళ వానలో వరలక్ష్మి అడిగి పట్టుకెళ్ళింది. తిరిగిచ్చేటప్పుడు, ఇవాళ ఆయన చూడలేదు పిన్నిగారూ అని చిన్నబుచ్చుకుందండీ."

అంతకుముందెప్పుడో ఆ గొడుగు చూసి ఉంటానని సర్దిచెప్పుకోబోయాను. ఆ కోడలు హైదరాబాదు నుంచి దాన్ని తెచ్చిందే ఆ ముందురోజు రాత్రి. నేను స్కూలు నుంచి వచ్చేలోపే మళ్ళీ తనతోనే పట్టుకెళ్ళిపోయింది.

ఇప్పటికీ అదే కిటికీ పక్కన కూర్చుంటున్నాను. మళ్ళీ కనబడలేదు. అదెలా జరిగిందో నాకు తెలియదు, ఆలోచించీ ఆలోచించీ వదిలేశాను.

వరలక్ష్మి కనబడిన రోజు సాయంత్రం మాత్రం తాళం తీసి, చెప్పులు విడవకుండా గుమ్మంలోనే నిలబడ్డాను. ఇంట్లో ఎవరూ లేరని తెలుసు.

"చూసేనే" అన్నాను.