పాత చర్చి గంట

మాది మంచిర్యాల దగ్గర గోదావరి ఒడ్డున ఒక ఊరు. మా పాత చర్చి గంటను తాతల కాలంలో రైల్లోంచి దింపి ఎడ్లబండి మీద తెచ్చారట. పెళ్లయి వచ్చిన నాటి నుంచి ఆ గంట కొట్టింది మా అవ్వే. కొత్త చర్చి కట్టి మైకు పెట్టాక పాతదానికి తాళం వేశారు. అవ్వకేమో మతిమరుపు ముదిరింది.

నిరుడు వానకాలం ఒక మధ్యాహ్నం అవ్వ కనిపించలేదు. పత్తి చేలల్లో, బస్టాండులో వెతికాం. చివరికి గోదావరి ఒడ్డు బురదలో ఆమె చెప్పు ఒకటి దొరికింది. నది నిండుగా పారుతోంది. అరిచి అరిచి నా గొంతు పోయింది. ఇంకేం చేయాలో తోచక మాతో పాటు వెతుకుతున్న ఫాదర్ దగ్గరి తాళంచెవి గుంజుకుని పాత చర్చిలోకి పరుగెత్తాను. పిచ్చిదానిలా గంట తాడు లాగాను.

అరచేతులు బొబ్బలెక్కాక వెనక నుంచి గొంతు వినిపించింది.

"గట్లనా గంట కొట్టేది? ఊరోళ్లు బుగులు పడరా? జర మెల్లగ గుంజాలె."

ఒంటి చెప్పుతో, తడిసి ముద్దయి, అవ్వ!

పట్టుకుని బోరుమన్నాను. ఆమె కొంగుతో నా కళ్లు తుడిచి, "ఏడ్వకు. నువ్వు ఎవలి బిడ్డవు?" అంది.

ఇప్పుడు ఆ గంట రోజూ నేనే కొడుతున్నాను. అవ్వ నన్ను మరిచిపోయినా, ఇల్లు చేరే ఆ ఒక్క దారి మిగలాలి కదా.