చల్లని బట్టీ

మొన్న సాయంత్రం ఫిల్మ్ నగర్‌లో మా అమ్మాయి వాళ్ల అపార్టుమెంటు వెనక దోమల మందు కొట్టే బండి తిరిగి వెళ్లాక, కోర్టు తగాదాల పుణ్యమా అని ఇంకా నిలిచి ఉన్న పాత ఇటుక బట్టీ గొట్టం చుట్టూ తెల్లటి పొగ లేచింది. మనవరాలు చప్పున కిటికీ మూసేసింది గాని, నాకు మాత్రం ఎవరైనా వస్తున్నారేమోనని కళ్లు కింది దారి వైపు పోయాయి.

మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అప్పట్లో ఇటంతా బండరాళ్లూ తుప్పలే. కృష్ణానగర్‌లో ఇరుకు గదిలో ఉంటూ, మా బావగారి చలవతో, ఆయనతో పాటే సినిమాలకు పొగ పెట్టే పనిలో కుదురుకున్నాను. పొగంటే ఇప్పటిలా మీట నొక్కితే వచ్చేది కాదు, నిప్పుల మీద విసురుకుంటూ విసురుకుంటూ ముందు మేమే ఉక్కిరిబిక్కిరయ్యేవాళ్లం. మూతపడ్డ ఆ బట్టీలో షూటింగ్ అనేసరికి, తెల్లవారకముందే వెళ్లి గొట్టం అడుగున పచ్చి ఆకులు తగలేశాం. పొగ గుట్ట దాటి పాకింది.

కాసేపటికి పొగలోంచి మనుషులు ఒక్కొక్కరే వచ్చారు. చేతిలో సద్దిగిన్నె, నెత్తిన గుడ్డ చుట్ట. జూనియర్ ఆర్టిస్టులు ముందే వచ్చేశారని డైరెక్టరుగారు మురిసిపోయి కెమెరా తిప్పించారు. వాళ్లు వరుసగా నిలబడి, పాత ఇటుకలు చేతులు మార్చుకుంటూ పేర్చసాగారు. కట్ అన్నా ఆపలేదు. అంతలో అసలు ఆర్టిస్టుల వ్యాను వచ్చి ఆగింది. మరి వీళ్లెవరు, దయ్యాలా? దేవుడు లేడని అందరితో వాదించే మా బావగారు నా వెనక నక్కి దేవుళ్లందరినీ పేరుపేరునా పిలవడం మొదలుపెట్టారు.

వాళ్లలో ఒక ముసలావిడ బట్టీ గోడకు అరచెయ్యి ఆనించి నా వైపు తిరిగింది.

"సల్లగున్నదేంది బిడ్డా? లోపట నిప్పు ముట్టియ్యలే?"

అప్పుడు తెలిసింది, వాళ్లు గుట్టవతలి గుడిసెల్లో ఉండే పాత బట్టీ కూలీలని. పని మొదలైందని ఎవరూ కబురు పంపరట, గొట్టంలో పొగ లేస్తే అదే పిలుపట. బట్టీ మూతపడిన నాటి నుంచీ రోజూ తెల్లారగానే ఇటే చూస్తున్నారట. నేను బావగారి వైపు చూశాను. ఇది సినిమా పొగ అని ఆయనే చెప్పారు. ఆవిడ ఇంకాసేపు గోడమీద చెయ్యి ఉంచి, అందరినీ తీసుకుని వచ్చిన దారినే పొగలోకి వెళ్లిపోయింది. ఆ మొహం నన్ను వదల్లేదు.

మొన్న ఉండబట్టలేక కిందికి దిగి వెళ్లాను. గుడిసెలున్న చోట ఇప్పుడు మేడలు, పొగ కనిపిస్తే కిటికీలు మూసుకునేవాళ్లే గాని, సద్దిగిన్నె పట్టుకుని వచ్చేవాళ్లెవరు? బట్టీ గోడమీద చెయ్యి వేశాను. వెచ్చగా తగిలింది. పగటి ఎండ వేడేనని తెలుసు, అయినా చెయ్యి తియ్యబుద్ధి కాలేదు. చీకటి పడేదాకా అక్కడే నిలబడ్డాను. ఇన్నాళ్లకు పొగా లేచింది, గోడా వెచ్చబడింది, చెబుదామంటే ఆవిడ లేదు.