ఎడమకాలితో సమానం

హిందూపురంలోని నా ఫిజియోథెరపీ క్లినిక్‌కి ఆ అమ్మాయి వారానికి రెండుసార్లు ధర్మవరం నుంచి రైల్లో వచ్చేది. నాలుగు వందల మీటర్ల పరుగు ఆమెది. కుడి తొడ వెనక కండరం చిరిగింది. రెండు నెలల్లో పెనుకొండలో రాష్ట్ర జట్టుకు ఎంపిక పోటీ. వచ్చే ఏడాదికి ఆమెకు వయసు దాటిపోతుంది కాబట్టి అదే చివరి అవకాశం.

నాకు అంచనాలంటే పడదు. "బాగుండాది సార్" అని ఆటగాళ్లు చెప్పే మాట అసలు నమ్మను. బోర్లా పడుకోబెట్టి, మడమకు బలం కొలిచే మీటరు ఆనించి నొక్కమంటాను. కాలు ఎంతవరకు లేస్తుందో చూస్తాను. దెబ్బ తగిలిన కాలు రెండోదానితో సమానమైతేనే మైదానంలోకి వదులుతాను. ఈ పద్ధతి మీద నాకు కాస్త పొగరు కూడా ఉండేది.

ఏడో వారంలో రెండు కాళ్లూ సమానంగా వచ్చాయి. నేను సంబరపడ్డాను. ఆమె మాత్రం బల్ల దిగకుండా, "ఇంగా నా కాలు మాదిరి లేదు సార్" అంది.

"మీటరు కంటే నీకెక్కువ తెలుసా? భయం మానేసి ఉరుకు పో" అని కసిరాను.

పెనుకొండలో చివరి మలుపు దాకా ఆమే ముందుంది. అక్కడే తొడ పట్టుకుని కూలబడింది. పరుగున వెళ్లి చెయ్యి పెట్టి చూశాను. అదే కండరం, ఈసారి ఇంకా పెద్ద చిరుగు.

మర్నాడు వాళ్లింటికి వెళ్లాను. వాళ్ల నాయన గుంతమగ్గం మీద పట్టుచీర నేస్తున్నాడు. అమ్మాయి కూడా నేస్తుందా అని మాటవరసకు అడిగాను.

"ఐస్కూల్లో చేరినప్పటి నుంచి నేస్తాది సార్. చీరకు పూలు తీసే జకార్డు బరువంతా కుడికాలితోనే కదా తొక్కేది. దెబ్బ తగిలినాక నేనే వద్దంటి."

ఏళ్ల తరబడి మగ్గం తొక్కిన ఆ కుడికాలు ఎడమదాని కంటే ఎంతో బలమైంది. రెండూ సమానంగా వచ్చాయంటే కుడికాలు ఇంకా కోలుకోలేదని అర్థం. నేనూ నేతగాళ్ల ఇంట్లో పుట్టినవాణ్ణే. మగ్గం తొక్కడం మాకు అన్నం తిన్నంత మామూలు, అందుకే ఆ సంగతి అడగాలని కూడా నాకు తోచలేదు.

మంచం మీద పడుకున్న ఆమె దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని చెప్పాను. ఏడుపు ఆపుకోలేకపోయాను. ఆమె మొహం గోడవైపు తిప్పుకుంది.

"మగ్గం మీద ఎప్పుడు కూర్చోవచ్చు సార్?" అని అడిగింది.

పరుగు మాట ఎత్తలేదు.