కొండ మీద రెండు శాతం

2023 వసంతకాలం. సియాటిల్ పక్కన బాతెల్‌లో ఉండేవాణ్ణి. మెడికల్ ఫిజిక్స్‌లో నా పీహెచ్‌డీ ఆఖరికి వచ్చింది. మెడికల్ ఫిజిక్స్ అంటే ఏమిటని అడిగినవాళ్ళకు ఒకటే చెబుతాను: క్యాన్సర్‌కి రేడియేషన్ ఎంత ఇవ్వాలో డాక్టరు రాస్తారు, మెషీన్ సరిగ్గా అంతే ఇస్తోందా అని కొలిచేది మేము. పేషెంట్లు సాధారణంగా మమ్మల్ని చూడరు. చూడాల్సి వచ్చిందంటే ఎక్కడో తేడా కొట్టిందన్నమాట.

జూలైలో రెసిడెన్సీ, అంటే ఆసుపత్రిలో శిక్షణతో కూడిన ఉద్యోగం, మొదలవ్వాలి. దానికి డిగ్రీ కావాలి. డిగ్రీకి డిఫెన్స్ గట్టెక్కాలి. ఐదుగురు ప్రొఫెసర్ల ముందు నిలబడి, ఐదేళ్ళు ఏం చేశావని అడిగితే తడబడకుండా చెప్పడమే డిఫెన్స్. దానికింకా ఇరవై రోజులున్నాయి.

నా థీసిస్ ఒక ప్రోగ్రామ్ గురించి. మెషీన్ ఎంత రేడియేషన్ ఇస్తుందో అది ముందే లెక్కగట్టి చెబుతుంది. ఆ లెక్క నిజమో కాదో చూడటానికి రెండు క్లినిక్‌లలో కొలిచాను. ఒకటి ఊళ్ళో, నీళ్ళ ఒడ్డున. రెండోది ఐదువందల అడుగుల ఎత్తున, కొండ మీద. ఊళ్ళో లెక్కా కొలతా అతికినట్టు సరిపోయాయి. కొండ మీద మాత్రం కొలత ప్రతిసారీ దాదాపు రెండు శాతం తక్కువ వచ్చింది.

మా గైడ్ హెలెన్ మెషీన్‌ను వెంటనే తప్పుపట్టలేదు. "కారణం వెతుకు" అంది. నేను కేబుళ్ళు మార్చాను, మీటరు మార్చాను, మళ్ళీ కొలిచాను. అదే రెండు శాతం. కారణం దొరకలేదు కాబట్టి ఇదేదో కొత్త విషయం అయ్యుంటుందని నిశ్చయించుకున్నాను. నాలుగో చాప్టర్‌గా పద్నాలుగు పేజీలు రాసి, ఆ ప్రభావానికి మా ఇంటిపేరు పెట్టాను. చిత్తుప్రతిలోనే అనుకోండి. వినయం ఉన్నవాణ్ణి.

మా తెలుగు చర్చిలో ఒక అలవాటుంది. ఎవరికి ఇంటర్వ్యూ ఉన్నా, పరీక్ష ఉన్నా ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ ఒకసారి రిహార్సల్ చేయిస్తారు. ఆ తర్వాత ప్రార్థన, ఆ తర్వాత భోజనం. నా వంతు వచ్చింది. శ్రోతల్లో సగంమంది సాఫ్ట్‌వేరు, మిగతా సగం ఆకలి.

కొలిచే పరికరం పేరు అయాన్ ఛాంబర్ అని చెప్పాను. బొటనవేలి కొనంత బోలు గొట్టం, లోపల గాలి ఉంటుంది. రేడియేషన్ తగిలితే ఆ గాలిలో పుట్టే కరెంటును మేం కొలుస్తాం. గాలి పలచనైతే కరెంటు తగ్గుతుంది. అందుకని గదిలో వేడినీ గాలి ఒత్తిడినీ చూసి అంకెను సరిచేస్తాం. ఇక్కడిదాకా చెప్పి, ఘనంగా నాలుగో చాప్టర్‌కి వచ్చాను.

వెనక వరసలోంచి రత్నం అంకుల్ చెయ్యెత్తారు. ఆయనది తెనాలి దగ్గర. ఇక్కడ విమానాల్లో ఎత్తు చూపించే మీటర్లు రిపేరు చేస్తారు.

"నాయనా, కొండ మీద గాలి ఒత్తిడి ఎట్టా కొలిచావు?"

"అక్కడి బారోమీటర్ సర్వీసింగ్‌కి వెళ్ళిందంకుల్. ఫోన్‌లో వెదర్ యాప్ చూశాను."

"మరి ఫోనెక్కడ కొలిచింది?"

నవ్వులు. నేనూ నవ్వాను, ప్రశ్న అర్థం కానివాడి నవ్వు.

"వెదర్‌వాళ్ళు ఇచ్చే అంకె ఉన్నదున్నట్టు ఇవ్వర్రా అబ్బాయ్. సముద్రమట్టం దగ్గరైతే ఎంతుంటుందో దానికి సర్ది ఇస్తారు. కొండ మీద నిజంగా అంత ఒత్తిడి ఉండదు. ఐదొందల అడుగులకి ఎంత తగ్గుద్దో తెలుసా?"

తెలుసు. ఆ క్షణాన తెలిసింది. దాదాపు రెండు శాతం. మెషీన్ తక్కువ ఇవ్వడం లేదు, నేనే తక్కువ సరిచేశాను. మా ఇంటిపేరు పెట్టుకున్న ప్రభావం ఫోన్‌లోంచి పుట్టింది.

"ఏవండీ, పిల్లాడి మొహం చూడండి, పాలిపోయింది. ప్రశ్నలు తర్వాత, ముందు అన్నం తిననివ్వండి" అంది ఆయన భార్య సువార్త ఆంటీ. గోంగూర మటన్ వడ్డించింది. ప్రపంచం తలకిందులైతే ఆకలి చచ్చిపోతుందంటారు. నేను రెండోసారి కూడా వడ్డించుకున్నాను.

సోమవారం హెలెన్‌కి అంతా చెప్పాను. ఆమె కళ్ళజోడు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుంది.

"నేనూ అడగాల్సింది, అడగలేదు. ఊళ్ళో క్లినిక్ బారోమీటర్ పట్టుకెళ్ళి శనివారం మళ్ళీ కొలువు. రెండు శాతం పోతే డిఫెన్స్ అనుకున్న తేదీకే. పోకపోతే వాయిదా." తలుపు దాకా వెళ్ళాక మళ్ళీ పిలిచింది. "ఏదైనా సరే, ఆ పేరు తీసెయ్."

వాయిదా అంటే డిగ్రీ ఆగస్టుకి పోతుంది. రెసిడెన్సీ ఆగదు, నా సీటు ఇంకొకరికి ఇస్తారు.

నాకు కారు లేదు. శనివారం పొద్దున్నే రత్నం అంకుల్ తన కారు తెచ్చారు. బారోమీటర్ నా ఒళ్ళో ఉంది. కారు కొండెక్కుతుంటే అంకె మెల్లగా దిగడం మొదలైంది.

"చూడ్రా, నీ చాప్టరు ఎట్టా దిగిపోతుందో!" అన్నారాయన, కళ్ళు రోడ్డు మీంచి తిప్పకుండా.

క్లినిక్‌లో నేను కొలుస్తున్న మూడు గంటలూ ఆయన వెయిటింగ్ రూమ్‌లో బైబిలు చదువుకుంటూ కూర్చున్నారు. నేను బయటికొచ్చి, "పోయిందంకుల్, రెండు శాతం పోయింది" అన్నాను. పక్కనున్న అమెరికన్ పెద్దావిడకి తెలుగు రాకపోయినా, మొహం చూసి నాకు మంచిరోజు వచ్చిందని అర్థమైనట్టుంది, అభినందించింది. చేసిందంతా తప్పేనని తేలినందుకు అంత సంతోషించినవాణ్ణి ఆవిడ ఇంకెక్కడా చూసి ఉండదు.

డిఫెన్స్‌లో నా తప్పునీ, అంకుల్ అడిగిన ప్రశ్ననీ దాచకుండా ఒక స్లైడ్‌గా పెట్టాను. ఒక ప్రొఫెసర్ అడిగారు: "ఆయన అడక్కపోయి ఉంటే?"

"నాలుగో చాప్టర్ పేపర్‌గా అచ్చయ్యేది. కొండ మీది క్లినిక్‌లో బాగున్న మెషీన్‌ని ఆపి చూసుకునేవారు. ఆ రోజు ట్రీట్‌మెంట్‌కి వచ్చిన పేషెంట్లు వెనక్కి పోయేవారు."

ఎవరూ నవ్వలేదు. నేనూ జోకు వేయలేదు. నన్నెరిగినవాళ్ళకి అదే పెద్ద వార్త. నన్ను బయటికి పంపి వాళ్ళు మాట్లాడుకున్నారు. అరగంట తర్వాత హెలెన్ తలుపు తీసి, నన్ను మొదటిసారి డాక్టర్ అని పిలిచింది.

థీసిస్‌లో కృతజ్ఞతల పేజీలో ఆమె పేరు తర్వాత రత్నం అంకుల్ పేరే రాశాను. అంకె ఎంతని అడగడానికి ఐదుగురు ప్రొఫెసర్లున్నారు. ఎక్కడిదని అడిగింది ఆయనొక్కరే. ఐదేళ్ళ చదువులో నాకు దొరికిన పాఠం అదే, అది కూడా భోజనాలకు ముందు, ఉచితంగా.

నాలుగో చాప్టర్ ఇప్పుడు ఆరు పేజీలు. రెండు క్లినిక్‌లూ ఒకేలా పనిచేస్తున్నాయని తప్ప అందులో ఇంకేమీ లేదు. బైండు చేయించి అంకుల్‌కి ఒక కాపీ ఇచ్చాను. వారం తర్వాత ఫోన్ చేశారు.

"నాలుగోది చదివాన్రా. రెండో పేజీకే నిద్రపట్టింది."

"థాంక్సంకుల్" అన్నాను. మెషీన్ కింద బల్ల మీద పడుకునే పేషెంట్లకి, విశేషమేమీ లేదనడం కంటే మేం ఇవ్వగలిగిన మంచి కబురు ఇంకేముంటుంది?